నేల తలుపు తట్టిన మనిషి

ఆ పొద్దున ఆయన చేసిన చివరి పని, గడ్డపారను కడిగి వంటింటి గోడకు ఆనించి పెట్టడం.

అంతకుముందు దాన్ని భుజాన వేసుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పెరటి వెనక పల్లంలోకి దిగాడు. కాసేపటికి దబ్ దబ్‌మని దెబ్బల చప్పుడు. కొంత విరామం. మళ్ళీ చప్పుడు, ఈసారి కొంచెం అవతలగా. స్టవ్ ముందు నిలబడిన కూతురికి అది కొత్త కాదు. కొన్నాళ్ళుగా రోజూ పొద్దున్నే వింటోంది. విన్నప్పుడల్లా ఆమె చేతిలోని గరిటె గిన్నెకు కాస్త గట్టిగానే తగిలేది.

"మీ ఆయన కంచె గుంజలకి గుంతలు తీస్తున్నాడమ్మా," అంది తల్లితో. "స్థలం నేనెక్కడ లాక్కుంటానో అని భయం."

"మా ఆయనేంటే, నీకు నాన్న కాదా?" అంది తల్లి, ఉల్లిపాయ తరుగుతూ తల ఎత్తకుండానే. "గుంతలో గోతులో, కాస్త ఒళ్ళు కదుల్తోంది. కదలనీ."

ఆయన తిరిగొచ్చి కుళాయి దగ్గర కూర్చున్నాడు. గడ్డపార కొసకు అంటిన బురదను వేళ్ళతో తుడిచి, నీళ్ళు పోసి, పాత గుడ్డతో తడి ఒత్తాడు. పనిలో ఉన్న రోజుల్లోనూ అంతే, తవ్వే యంత్రం బకెట్ కడగనిదే ఇంటికి బయల్దేరేవాడు కాదు. గడ్డపారను గోడకు ఆనించాక, అది జారదని నమ్మకం కుదిరేదాకా చేయి తీయలేదు. "టీ ఉందా?" అన్నాడు. కూతురు గ్లాసు తెచ్చి కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టి పనికి వెళ్ళిపోయింది. మాట లేకుండా టీ ఇవ్వడం ఆ ఇంట్లో కొన్ని వారాలుగా అలవాటైపోయింది.

టీ సగంలో ఉండగానే ఆయన తల పక్కకు ఒరిగింది. తల్లి ఫోన్ చేసినప్పుడు కూతురు తన అట్టపెట్టెల షెడ్డులో జిగురు కలుపుతోంది. చేతులు కడుక్కోకుండానే పరిగెత్తింది. ఆ జిగురు ఆసుపత్రి వరండాలో ఆరి, పొరలు పొరలుగా ఊడి, ఆమె ఒళ్ళో పడింది. అప్పటికే చెప్పాల్సిన మాట డాక్టరు చెప్పేశాడు.

ఆయన పొక్లెయిన్ ఆపరేటర్. ఒక వయసంతా మట్టి తవ్వడం, మట్టి పోయడం, చదును చేయడంలోనే గడిచిపోయింది. ఊరు పెరిగిందని అందరూ అంటారు కానీ ఊరు దానంతటది పెరగదు. పల్లాన్ని మెరక చేసేవాడొకడు ఉండాలి. బస్టాండు నేల ఆయన చదును చేసిందే. ఆసుపత్రి కింద మడుగును పూడ్చింది ఆయనే. కొత్త కాలనీ మొత్తం, వీధి వీధీ, ఆయన యంత్రం పళ్ళ కింద నుంచే లేచింది.

చిన్నప్పుడు కూతురి చేయి పట్టుకుని నడిపిస్తూ, ఆయన కనిపించేవాటి గురించి చెప్పేవాడు కాదు. "ఇక్కడ తుంగ ఉండేది, నా ఎత్తు," అనేవాడు బట్టల షాపు ముందు ఆగి. "ఇక్కడ నీటికోళ్ళు పిల్లల్ని తిప్పేవి," అనేవాడు బ్యాంకు మెట్ల దగ్గర. నాన్న ఊరు వేరే ఉందనీ, అది ఈ ఊరి కిందే ఎక్కడో ఉందనీ ఆమె చాలాకాలం నమ్మింది.

తోటి డ్రైవర్లు ఆయనను తలుపన్న అని పిలిచేవారు. దానికో కారణం ఉంది. ఎక్కడ పని మొదలుపెట్టినా, మొదటి బకెట్ మట్టి ఎత్తేముందు, ఆయన బకెట్ వీపుతో నేలను మూడుసార్లు తట్టేవాడు. తట్టి, ఇంజను ఆపి, కిందికి దిగి, ఒక టీ తాగేంతసేపు దూరంగా నిలబడేవాడు. అప్పుడు గానీ మళ్ళీ ఎక్కేవాడు కాదు. అది కూడా తట్టిన వైపు నుంచే తవ్వుకుంటూ వెళ్ళేవాడు. అవతలి అంచును చివరిదాకా ముట్టుకునేవాడు కాదు.

"ఏం తలుపన్నా, లోపల్నుంచి ఎవరన్నా పలికారా?" అని ఎగతాళి చేసేవాడు గ్రీజు. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా గ్రీజు పూసుకుని ఉండే కుర్రాడు గనక ఆ పేరు. ఆయన దగ్గరే యంత్రం నేర్చుకున్నాడు. లివర్ల మీద చేయి ఆయన కంటే చురుకు. ఆయన నేర్పినవాటిలో ఆగడం ఒక్కటే అతనికి అబ్బలేదు.

"పలికార్రా. గ్రీజుగాడొస్తే ఇల్లు ఖాళీ లేదని చెప్పమన్నారు."

కాంట్రాక్టర్లకు ఈ తట్టడం కంట్లో నలుసు. ఒకాయన మండిపడ్డాడు. "టిప్పర్లు వరసలో నిలబడ్డాయి. డీజిల్ నీ బాబు పోస్తున్నాడా?"

"ఇంజను ఆపేశాను కదండీ. డీజిల్ ఎక్కడ కాలింది?" అన్నాడట ఆయన, టీ గ్లాసు కింద పెట్టకుండా.

ఈ అలవాటు ఎక్కడిదని అడిగితే ఆయన ఒక్కటే చెప్పేవాడు. "ఎవరింట్లోకన్నా తలుపు కొట్టకుండా దూరతామా? ఆ కొట్టిన తలుపులోంచే మనం దూరుతుంటే, లోపలివాళ్ళు పోడానికి పెరటివైపు వదలాలి కదా." ఆయన భార్య మాత్రం ఈ మాటకు మూతి తిప్పేది. "అదేం కాదు. పనిలో చేరిన కొత్తలో బకెట్లోంచి పాము లేచింది. జడిసి చచ్చాడు. ఆ భయంతో తట్టడం మొదలెట్టి, పోనుపోను దానికి ధర్మం అని పేరు పెట్టుకున్నాడు." ఆయన కాదనేవాడు కాదు. "భయంతో మొదలైతే మాత్రం చెడిందా?" అనేవాడు.

కూతురు ఇదంతా కథలా విన్నదే తప్ప ఎన్నడూ కళ్ళారా చూడలేదు. ఆయన పనికి వెళ్ళే వేళకు ఆమె బడికీ, ఆ తర్వాత తన పనికీ వెళ్ళిపోయేది.

ఇల్లు కట్టుకోవడానికి ఆయన కొన్న స్థలం కూడా పల్లమే. ఎవరూ కొననిది గనక ఆయన చేతికి అందింది. ముందు భాగానికి మెరక వేసి ఇల్లు లేపాడు. వెనక భాగాన్ని అలాగే వదిలేశాడు. అక్కడ తుంగ, రెల్లు, మోకాలి లోతు నీళ్ళు, ఎండల్లో పగిలిన బురద. ఒంటికాలి మీద నిలబడే కొంగలు. వానాకాలం గట్టెక్కి పెరట్లోకొచ్చి, నీళ్ళ తొట్టి కింద పడుకుని పోయే ముసలి తాబేలొకటి. వానలు పడితే కప్పల గోలకు టీవీ వినపడేది కాదు. "ఊరంతా ఆరబెట్టి మా ఆయన తడి మొత్తం నా పెరట్లో దాచాడు," అని భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. చూపు మందగించి పని మానేశాక ఆయన సాయంత్రాలన్నీ వెనక మెట్టు మీదే గడిపేవాడు.

కూతురిది అట్టపెట్టెల పని. చెప్పుల షాపులకూ మందుల షాపులకూ పెట్టెలు చేసి ఇచ్చేది. అట్ట కోయడం, గీత నొక్కడం, మడవడం, జిగురు పెట్టడం. ఆమె కాక ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు. అందరికంటే పాతకాపు మడతలక్క. పక్క వీధే. ఒక కాలు బాగుండదు, కర్ర ఊతంతో వచ్చేది. ఒకసారి కూర్చుందంటే ఆమె వేళ్ళ కింద పెట్టెలు వాటంతటవే లేచి నిలబడుతున్నట్టు ఉండేది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే కూతురు, "నాకు సంసారం లేదన్నదెవరు? రోజుకిన్ని పెట్టెలు కంటున్నాను, చాలదా?" అనేది. హాస్యానికి అన్నా, ఆ షెడ్డే ఆమె ప్రాణం.

ఆ షెడ్డు అద్దెది. ఆయన పోవడానికి కొన్ని వారాల ముందు యజమాని ఖాళీ చేయమన్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె మాట ఎత్తింది.

"షెడ్డు పడగొట్టి మేడ కడతారట నాన్నా. వానల్లోగా ఖాళీ చెయ్యాలి."

"పునాదికి ఎవర్ని పిలిచారు?" అన్నాడాయన.

"వాళ్ళ పునాది గొడవ నీకెందుకు? నా గొడవ చూడు. మన వెనక స్థలం ఉంది కదా. మెరక వేస్తే షెడ్డు పడుతుంది. గ్రీజు బాబాయికి ఇప్పుడు సొంత యంత్రమే ఉంది. చెప్తే వచ్చి చేసి పెడతాడు."

తింటున్నవాడల్లా ఆగిపోయాడు. "చెయ్యడం ఎంతసేపు? అది కాదు."

"మరేంటి?"

"అక్కడ ఉన్నాయి కదమ్మా."

"ఏమున్నాయి? కప్పలు! కప్పల కోసం ఐదుగురు ఆడవాళ్ళని రోడ్డు మీద నిలబెడతావా?"

"రోడ్డు మీద ఎందుకు? ఇంకోచోట చూసుకో."

"ఇంకోచోటంటే ఊరికి ఆ చివర. మడతలక్క కర్రేసుకుని అంత దూరం వస్తుందా? ఆమె ఇంట్లో ఇద్దరు తినాలి. నీ తాబేలుకి ఇల్లు కావాలి, ఆమెకి కూడు అక్కర్లేదా?"

"నేనలా అన్నానా?"

"అన్నట్టే. ఊరందరి పల్లాలూ పూడ్చావు. అడిగినవాడికి లేదనలేదు. ఆ మట్టితోనే నన్ను పెంచావు. కూతురు అడిగేసరికి ధర్మం గుర్తొచ్చిందా?"

తల్లి ఇద్దరి కంచాల వైపూ మార్చి మార్చి చూసింది. "అటు కప్పలూ ఇటు పెట్టెలూ, మధ్యలో నన్నెందుకు నలిపేస్తారు? తిని లేవండి."

ఆయన తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "అడిగినవాడికల్లా లేదనలేదు. అందుకేనమ్మా. అన్నిచోట్లా తట్టాను, పొమ్మన్నాను. పోయాయి. అవతల ఇంకో పల్లం ఉంది కదా అని నాకో ధీమా. ఇప్పుడు ఊళ్ళో ఇదొక్కటే మిగిలింది. అన్నిచోట్ల నుంచీ నేను తరిమినవాటిలో కొన్నన్నా ఇక్కడికి చేరి ఉంటాయి. ఇక్కణ్ణుంచి కూడా పొమ్మంటే, ఎక్కడికి పొమ్మని చెప్పను?"

దాంతో ఆమెకు కోపం ఇంకా పెరిగింది. "అయితే ఇల్లు కూడా వాటి పేరనే రాసెయ్. నేనే పోతాను."

"ఆలోచిస్తాలే," అన్నాడు.

"కప్పలనడిగి చెప్పు," అంది ఆమె, కంచం తీసుకుని లేస్తూ.

ఆయన నవ్వాడు. ఒక్కడే నవ్వాడు.

ఆ మర్నాటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు పల్చబడ్డాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఒకరుంటే ఇంటికి సరిపోతుంది, మా ఇంట్లో ఇద్దరున్నారు అని తల్లి నిట్టూర్చింది. కొన్ని వారాలకు పొద్దున్నే గడ్డపార చప్పుడు మొదలైంది. అడిగితే చెప్పేవాడేమో. ఆమె అడగలేదు. గడ్డపార పట్టుకుని మనిషి స్థలం అంచున నిలబడ్డాడంటే దాని అర్థం ఇంకేముంటుంది?

ఆయన పోయాక, ఇంటికొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయాక, ఆమె తొలిసారి వెనక పల్లంలోకి దిగింది. గుంతల కోసం వెతికింది. గుంతలు లేవు. రోడ్డు వైపు అంచు పొడుగునా, బురదలో అరచేయి పట్టేంత సొట్టలు మాత్రం ఉన్నాయి, ఒక్కోదాంట్లో కాసిని నీళ్ళు నిలిచి. చేతుల్లో సత్తువ లేక గుంజకు సరిపడా దిగలేదనుకుంది. అంత చేతగాని స్థితిలో కూడా రోజూ వచ్చి పొడిచాడంటే, ఈ నేల మీద ఆయనకెంత పట్టింపో అనుకుంది. అక్కడే కూర్చుని ఏడ్చింది. కొంగ ఒకటి కొంచెం దూరం జరిగి మళ్ళీ తన పని తాను చూసుకుంది.

"ఇప్పుడు అడ్డమెవరే?" అంది తల్లి కొన్నాళ్ళకు. కోపంగా కాదు, కూతురి మొహం చూడలేక. "మట్టి తోలించుకో. ఆయనుంటే మాత్రం ఎన్నాళ్ళు వద్దనేవాడు?"

"వద్దమ్మా. బతికుండగా ఒప్పుకోనిది, పోయాక చేస్తే దొంగతనమే."

"నీ షెడ్డో?"

"చూసుకుంటాను."

ఊరికి ఆ చివర, గిడ్డంగుల వెనక, చూసుకుంది. మడతలక్క కొన్నాళ్ళు ఆటోలో వచ్చింది, కొన్నాళ్ళు ఎవరి బండి వెనకాలో వచ్చింది. ఒకరోజు సాయంత్రం తన పీటను గుడ్డతో తుడిచి గోడవారగా పెట్టింది. "నా వల్ల కాదమ్మాయ్. నువ్వు తప్పు చేశావనను. మీ నాన్న మాట నిలబెట్టావు. కానీ నా కాలు నా మాట వినదు కదా," అంది. ఆ పీటను ఆ తర్వాత ఎవరూ వాడలేదు. కొత్తమ్మాయి కోసం ఇంకో పీట కొన్నారు.

కూతురు ఇంకొక పని కూడా చేసింది. నాన్న మొదలుపెట్టిన కంచె పూర్తి చేయించింది. పనివాళ్ళను పిలిచి ఆ సొట్టలు చూపించి, గుంజలు సరిగ్గా అక్కడే పాతమంది. వాళ్ళు వరస కుదరడం లేదు, వంకర వస్తోంది అన్నారు. వంకరే ఉండనీయండి అంది. తీగ అడుగు నేలకు తగలకుండా జానెడు ఎత్తులో కట్టించింది. ఎందుకని వాళ్ళు అడిగితే, "మా ఇంటికొచ్చే తాబేలొకటుంది," అంది. అలా చెబుతున్నప్పుడు తన గొంతులో నాన్న గొంతు ఆమెకు వినిపించింది.

ఆ వానాకాలం కప్పలు గోల పెట్టాయి. ఆమె టీవీ కట్టేసి వింది. కనీసం ఈ ఒక్కటి ఆయన కోరినట్టు జరిగిందన్న తృప్తి ఒకటి ఉండేది. షెడ్డు నుంచి అలసి వచ్చిన రాత్రులు ఆ తృప్తి మీదే తల పెట్టుకుని పడుకునేది.

వానలు వెనకబట్టాక గ్రీజు వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. ఆయన పోయిన వారానికే దూరప్రాంతంలో కాలవ పని దొరికి యంత్రంతో సహా వెళ్ళిపోయాడట, ఇప్పుడే తిరిగి వచ్చాడు. వెనక మెట్టు మీద, ఆయన కూర్చునే చోటు వదిలి, ఆ పక్కన కూర్చున్నాడు. టీ తీసుకుని కంచె వైపు చూశాడు.

"ఇదెవరు వేశారమ్మా?"

"నేనే బాబాయ్. నాన్న మొదలెట్టాడు కదా. గుంతలు తియ్యలేకపోయాడు పాపం. నేను పూర్తి చేయించాను."

"కంచెనా? అన్న మొదలెట్టాడా?"

"రోజూ పొద్దున్నే గడ్డపారతో వెళ్ళేవాడు. పోయిన రోజు కూడా."

గ్రీజు టీ గ్లాసు కింద పెట్టాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు, ఆ రోజు వాటికి గ్రీజు లేకపోయినా.

"నీకు చెప్పలేదా అమ్మా?"

"ఏం చెప్పడం?"

"ఆ వచ్చే సోమవారానికి నన్ను రమ్మన్నాడు, యంత్రం వేసుకుని. నీ షెడ్డుకి మెరక వెయ్యడానికి. నీతో అనొద్దన్నాడు. యంత్రం గుమ్మంలోకొచ్చాక మా అమ్మాయే చూసుకుంటుంది, అప్పుడన్నా మాట్లాడుతుందేమో అన్నాడు. అంతలోనే కబురొచ్చింది. ఆ రోజు ఈ మాట నీ దగ్గర ఎలా ఎత్తేది? ఆఖర్లో ఆయనే నీకు చెప్పి ఉంటాడు, ఇక నువ్వే వద్దనుకున్నావేమో అనుకున్నాను."

ఆమె కంచె వైపు చూడలేదు. గోడకు ఆనించిన గడ్డపార వైపు చూసింది. అది ఇంకా ఆయన పెట్టిన చోటే ఉంది.

"వద్దన్నాడు కదా బాబాయ్. చివరిదాకా వద్దనే అన్నాడు కదా."

"నా దగ్గరా అన్నాడు. తప్పేరా అన్నాడు. మరెందుకన్నా అంటే, ఊళ్ళో ముక్కూమొహం తెలియనివాళ్ళు అడిగితే పూడ్చాను, తప్పు కాదని చెప్పుకుని పూడ్చాను, మా అమ్మాయి కోసం తప్పని తెలిసే పూడుస్తాను అన్నాడు. షెడ్డు పట్టేంత, అంతే. రోడ్డు వైపు. ఒక్క బకెట్ ఎక్కువ పోశావో నీ చెయ్యి విరుగుద్ది, అవతలి సగం జోలికి పోయావో నా దయ్యం నీ క్యాబిన్లో కూర్చుంటుంది అన్నాడు."

తల్లి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎవరూ ఆమె వైపు తిరగలేదు.

"మరి ఆ గడ్డపార?" అంది కూతురు. జవాబు తెలిసిపోయినవాళ్ళు అడిగినట్టు, నెమ్మదిగా అడిగింది.

"నేను ఆగను కదమ్మా. ఆయనకి తెలుసు. నువ్వు ఎక్కడం ఎక్కడమే పని మొదలెట్టేస్తావు, నీ మీద నాకు నమ్మకం లేదు, అందుకే ముందు నుంచే రోజూ కాస్త కాస్త తడుతున్నాను, నువ్వొచ్చేలోపు నిదానంగా అవతలికి సర్దుకుంటాయి అన్నాడు." గ్రీజు గ్లాసును కొంచెం పక్కకు జరిపాడు. "ఆఖర్న ఒకటడిగాడు. బకెట్ అయితే నేలంతా అదురుతుంది. ఈ గడ్డపార చప్పుడు వాటికి వినపడుతుందంటావా అని. నేను నవ్వానమ్మా."